గడ్డ తీసే రోజే రొమ్మును సరిచేయడం: ఒక ఆంకోప్లాస్టిక్ కేసు పూర్తి వివరాలు

ఆమె వయసు 47. విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. ఎడమ రొమ్ము కింది భాగంలో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని కొన్నాళ్లు ఊరుకున్నారు. తర్వాత చూపించుకుంటే ముక్క పరీక్షలో కేన్సర్ అని తేలింది. రొమ్ము మొత్తం తీసేయాలన్నారు. ఆ మాట విన్నాక రెండు నెలలపాటు మళ్లీ ఏ ఆస్పత్రి గడపా తొక్కలేదు. పసరు మందు వాడారు, మొక్కులు మొక్కారు. చివరికి డిగ్రీ చదువుతున్న కూతురు పట్టుబట్టి విశాఖపట్నంలో మా ఓపీకి తీసుకొచ్చింది.

రొమ్ము కేన్సర్ సర్జన్‌గా ఇలాంటి ఆలస్యాలు నేను తరచుగా చూస్తుంటాను. జబ్బుకన్నా "తీసేయాలి" అన్న మాటకే భయపడి ఆగిపోయేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. అందుకే ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ముందు చూసిన డాక్టర్ చెప్పింది తప్పేమీ కాదు. రొమ్ము మొత్తం తీసే మాస్టెక్టమీ సురక్షితమైన ఆపరేషన్. ఆమె మామోగ్రామ్ చూస్తే చాలామంది సర్జన్లు అదే చెబుతారు. అయితే ఆమెకు ఇంకో దారి కూడా ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పరీక్షల్లో ఏం కనిపించింది

ఎడమ రొమ్ములో సరిగ్గా కిందివైపు, గడియారం ముల్లు ఆరు దగ్గర ఉండే చోట, సుమారు మూడు సెంటీమీటర్ల గట్టి గడ్డ. చర్మానికి అతుక్కోలేదు, లోపల కండరానికీ అంటుకోలేదు. చనుమొన మామూలుగానే ఉంది. చంకలో బిళ్లలేవీ తగల్లేదు. రెండు రొమ్ములూ పెద్దవే, వయసుతో పాటు బాగా కిందికి జారి ఉన్నాయి. మెడ కింద ఎముక గుంట నుంచి చనుమొన దాకా కొలిస్తే 29 సెంటీమీటర్లు. ఈ కొలత ఎందుకు రాస్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

మామోగ్రామ్‌లో గడ్డ ఒక్కటే అయితే పని సులువు. కానీ గడ్డ నుంచి లోపలివైపుకి, అంటే ఛాతీ మధ్య ఎముక వైపుకి, సన్నటి సున్నపు చుక్కలు వరుసగా పాకి ఉన్నాయి. గడ్డతో కలిపి మొత్తం పొడవు అయిదున్నర సెంటీమీటర్లు. ఇలాంటి చుక్కలు చాలాసార్లు డీసీఐఎస్‌కి గుర్తు. అంటే పాలనాళాల్లోనే ఉండి ఇంకా బయటికి పాకని కేన్సర్. అది చేతికి తగలదు. గడ్డ తీసేసి ఈ చుక్కల్ని వదిలేస్తే జబ్బును వదిలేసినట్టే. అందుకే చుక్కల చివరి అంచు నుంచి కూడా మామోగ్రామ్ సాయంతో విడిగా ముక్క తీయించాం. అక్కడా డీసీఐఎస్ ఉందని తేలింది.

గడ్డ నుంచి తీసిన ముక్క రిపోర్టు: ఇన్వేజివ్ డక్టల్ కార్సినోమా, అంటే పాలనాళం దాటి బయటికి పాకిన కేన్సర్, గ్రేడ్ 2. ఈఆర్, పీఆర్ రెండూ బలంగా పాజిటివ్, అంటే ఆడ హార్మోన్లతో పెరిగే రకం. హెర్2 అనే ప్రోటీన్ నెగెటివ్, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కీ-67 ఇరవై రెండు శాతం. అల్ట్రాసౌండ్‌లో చంక గ్రంథులు మామూలుగా ఉన్నాయి. చేతి సంచిలో పెట్ స్కాన్‌కి ఎవరో రాసిచ్చిన చీటీ కూడా ఉంది. ఈ దశలో, ఏ లక్షణాలూ లేనప్పుడు పెట్ స్కాన్ అక్కర్లేదు. ఆ డబ్బు మిగుల్చుకోమన్నాను.

ఆమె పిన్నికి కూడా రొమ్ము కేన్సర్ వచ్చిందని కూతురు చెప్పింది. దాంతో ఆపరేషన్‌కి ముందే, ఈ జబ్బు వంశంలో నడుస్తోందేమో చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష చేయించాం. అది పాజిటివ్ అయితే మాట్లాడుకోవాల్సిన విషయాలే మారిపోతాయి. నెగెటివ్ వచ్చింది.

ఇక్కడ ఒక మాట. ఆమెకు తొలుత చూసిన చోట సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. అది చాలా మంచి పని. మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల ముందు గడ్డ తీసేసి, ఆ తర్వాత ఏమిటో చూద్దామని ల్యాబ్‌కి పంపుతారు. అలా చేస్తే కోత ఎక్కడ పడాలో అక్కడ పడదు. అంచుల్లో జబ్బు మిగిలిందో లేదో తెలియదు. రెండోసారి వెళ్లే సర్జన్‌కి రొమ్ము నిలబెట్టే అవకాశాలు సగం పోతాయి. రొమ్ములో ఏ గడ్డకైనా ముందు సూది, ఆ తర్వాతే కత్తి. ఈ ఒక్కటి మన జిల్లా కేంద్రాల్లో అందరూ పాటించినా ఎంతోమంది రొమ్ములు నిలుస్తాయి.

మూడు దారులు

మామూలుగా గడ్డ వరకు తీసి కుట్టేయడం మొదటి దారి. ఈమెకు అది కుదరదు. అయిదున్నర సెంటీమీటర్ల జబ్బును చుట్టూ మంచి కణజాలంతో కలిపి తీస్తే రొమ్ములో నాలుగో వంతు పోతుంది. పైగా అది కింది భాగం. కింది భాగంలో పెద్ద ముక్క తీసి అలాగే దగ్గరికి లాగి కుడితే, రేడియేషన్ అయ్యాక కింద గుంట పడి చనుమొన నేలచూపులు చూస్తుంది. మా వాళ్లు దాన్ని బర్డ్స్ బీక్ డిఫార్మిటీ అంటారు. ఒకసారి అలా అయ్యాక, కరెంట్ పెట్టిన, అంటే రేడియేషన్ ఇచ్చిన రొమ్మును మళ్లీ సరిచేయడం చాలా కష్టం. కణజాలం బిగుసుకుపోతుంది, పుండు మానదు. సరిచేసేదేదో రేడియేషన్‌కి ముందే చేయాలి.

రెండోది మాస్టెక్టమీ. దానితో పాటే పొట్ట కింది భాగం నుంచి చర్మం, కొవ్వు తెచ్చి గానీ, సిలికాన్ ఇంప్లాంట్ పెట్టి గానీ కొత్త రొమ్ము కట్టొచ్చు. పొట్ట కణజాలంతో చేసేదాన్ని డీఐఈపీ ఫ్లాప్ అంటారు. సన్నటి రక్తనాళాల్ని మైక్రోస్కోప్ కింద కలపాలి, గంటలు పడుతుంది. మంచి ఆపరేషనే. కానీ ఉన్న రొమ్మునే నిలబెట్టగలిగినప్పుడు అంత దూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం.

మూడోది ఆంకోప్లాస్టిక్ సర్జరీ. కేన్సర్ తీసే పద్ధతినీ ప్లాస్టిక్ సర్జరీ పద్ధతినీ ఒకే ఆపరేషన్‌లో కలపడం. ఈ పేరు పెట్టింది జర్మన్ సర్జన్ వెర్నర్ ఆడ్రెచ్. పారిస్ సర్జన్ క్రిష్ణ క్లఫ్ బృందం 2010లో దీన్ని రెండు మెట్లుగా విడదీసింది. రొమ్ములో 20 శాతం లోపు తీస్తే మొదటి మెట్టు. మిగిలిన కణజాలాన్ని పక్కనుంచి జరిపి కుట్టేస్తే సరిపోతుంది. 20 నుంచి 50 శాతం తీస్తే రెండో మెట్టు. అప్పుడు చర్మం కూడా తీసి, చనుమొనను కొత్త చోటికి జరిపి, రొమ్ము మొత్తాన్ని చిన్నగా, పైకి తిరిగి మలచాలి. ఈమెది రెండో మెట్టు.

పెద్దగా, జారి ఉన్న రొమ్ములో, కింది భాగంలో ఉన్న కణితికి ఈ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. బరువైన రొమ్ములతో మెడనొప్పి, భుజం నొప్పి ఉన్నవాళ్లకు చేసే రిడక్షన్ ఆపరేషన్‌లో ఎలాగూ కింది భాగం నుంచే తీస్తారు. ఆ తీసేసే భాగంలోనే కణితి ఉంటే, అటు కేన్సర్ వెడల్పుగా పోతుంది, ఇటు ఆకారమూ నిలుస్తుంది. పైన చెప్పిన 29 సెంటీమీటర్ల కొలత అందుకే. చనుమొనను అయిదారు సెంటీమీటర్లు పైకి జరపడానికి ఆమెకు చోటు ఉంది.

ఆమెతో మాటలు

మొదటి రోజు గదిలో భర్త, కూతురు, ఆడపడుచు ఉన్నారు. ఆడపడుచు అడిగింది: "ఈ వయసులో అందం దేనికి మేడమ్, ప్రాణం ముఖ్యం కదా?" ఆమె తల దించుకుని కూర్చున్నారు. ఆ ప్రశ్న నేను తరచుగా వింటాను. అడిగేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ దానికి జవాబు చెప్పాల్సింది పేషంటే, పక్కవాళ్లు కాదు. అందరినీ కాసేపు బయట కూర్చోమన్నాను.

తలుపు వేశాక ఆమె అన్నారు: "రోజూ ఆడవాళ్లు కొలతలకి వస్తారు మేడమ్. నా ఒంటి మీద జాకెట్ చూసే ఇలా కుట్టమంటారు. ఒకవైపు లేకుండా వాళ్ల ముందు ఎలా నిలబడతాను?" అంతే. ఆపరేషన్ ఏమిటో నిర్ణయించడానికి నాకు కావాల్సిన సమాచారంలో అది కూడా ఒకటి, రిపోర్టుల్లో ఉన్నదానికన్నా తక్కువదేమీ కాదు.

తర్వాత ఆమె అసలు భయం బయటికొచ్చింది. "కొంచెం ఉంచితే అక్కడే మళ్లీ రాదా?"

దీనికి గట్టి ఆధారంతో జవాబు చెప్పొచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన పద్ధతిలో రొమ్ము, ఛాతీ కండరాలు, చంక గ్రంథులు అన్నీ తీసేసేవారు. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమం అనుకునేవారు. ఇటలీలోని మిలాన్‌లో వెరోనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1970లలో ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. కొందరికి మొత్తం తీశారు, కొందరికి జబ్బు ఉన్న భాగం తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవయ్యేళ్లు గమనించాక ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. ప్రాణాలు నిలవడంలో రెండు గుంపులకీ తేడా లేదు. అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చే అవకాశం ఉంచినవాళ్లలో కాస్త ఎక్కువే. అందుకే రేడియేషన్ తప్పనిసరి, ఏటా మామోగ్రామ్ తప్పనిసరి. ఆమెతో ఇలా చెప్పాను: "అమ్మా, రొమ్ము ఉంచుకుంటే కరెంట్ పెట్టించుకోవాలి. అది మధ్యలో మానేస్తాను అంటే మాత్రం ఇప్పుడే చెప్పండి, మొత్తం తీయడమే మేలు." మానను అన్నారు.

ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాను. తీసిన ముక్క అంచుల్లో జబ్బు కనిపిస్తే మళ్లీ థియేటర్‌కి రావాలి. ఒక్కోసారి రెండో ఆపరేషన్‌లో మొత్తం తీయాల్సి రావచ్చు. ఒప్పంద పత్రంలో ఆ మాట స్పష్టంగా రాయించాను, చదివి వినిపించాను.

ఎదుటి రొమ్ము సంగతి మిగిలింది. ఎడమది చిన్నదయ్యి పైకి వెళ్తే కుడిది పెద్దగా, జారి మిగిలిపోతుంది. దాన్ని అదే రోజు సరిచేయాలా, చికిత్సలన్నీ అయ్యాకా? ఇందులో సర్జన్లకి రెండు అభిప్రాయాలున్నాయి. అదే రోజు చేస్తే ఒకే మత్తు, ఒకే ఖర్చు, ఒకే సెలవు. కానీ జబ్బులేని వైపు కుట్లు మానకపోయినా కీమో వాయిదా పడుతుంది, అది అన్యాయం. తర్వాత చేస్తే రేడియేషన్‌తో ఎడమది ఎంత కుదించుకుపోయిందో చూసి కొలత తీసుకోవచ్చు. కానీ మన దగ్గర ఆ "తర్వాత" చాలామందికి రాదు. చికిత్సతో అలసిపోయి, డబ్బు అయిపోయి, ఇక చాలు అనుకుంటారు. ఆమె ఒకేసారి చేసేయమన్నారు. కేన్సర్ చికిత్స ఆరోగ్యశ్రీ కార్డు మీద నడిచింది. కుడివైపు పని అందులోకి రాలేదు. అదే థియేటర్, అదే మత్తు కాబట్టి అదనంగా పడింది వాళ్లు తట్టుకోగలిగినంతే.

షుగర్ ఉంది, మూడు నెలల సగటు 7.1. ఫర్వాలేదు. పొగ అలవాటు అడిగాను. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లను ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు. చుట్ట, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ ఇప్పటికీ ఉన్నాయి. నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని బిగిస్తుంది, జరిపిన చనుమొన, చర్మం అంచులు నల్లబడతాయి. చుట్ట మానలేని మనిషికి నేను రెండో మెట్టు ఆపరేషన్ చేయను. ఆమెకు ఏ అలవాటూ లేదు.

గీతలు

మార్కింగ్ ఆపరేషన్ టేబుల్ మీద వేయకూడదు. మనిషి పడుకుంటే రొమ్ము పక్కలకి జారుతుంది, కొలతలన్నీ తప్పుతాయి. ముందు రోజు సాయంత్రం వార్డులో, ఆమెను నిలబెట్టి, ప్లాస్టిక్ సర్జన్, నేను కలిసి గీతలు వేశాం. ముందు నేను అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ చూస్తూ కణితి, చుక్కలు ఉన్న చోటు చర్మం మీద గీశాను, చుట్టూ సెంటీమీటరు వదిలి. ఆ తర్వాత ఆయన తన గీతలు వేశారు: చనుమొన కొత్త చోటు ఎముక గుంట నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర, అక్కడి నుంచి రెండు కాళ్లలా కిందికి దిగే గీతలు, రొమ్ము కింది మడతలో అడ్డంగా ఒకటి. నా గీత ఆయన గీత లోపల పూర్తిగా ఇమడాలి. ఇమడకపోతే ఆయన గీతే మారాలి, నాది కాదు. లోపలివైపు చుక్కల చివర కాస్త బయటికి వచ్చింది. ఆయన లోపలి గీతను అటు జరిపారు.

అప్పటిదాకా అద్దంలో చూస్తూ నిలబడ్డ ఆమె, "ఇది డార్ట్ వేసినట్టే ఉంది కదా మేడమ్, కింద బట్ట తీసేసి రెండు అంచులూ కలిపితే కప్పు పైకి లేస్తుంది" అన్నారు. నేను అరగంట బొమ్మలు గీసి చెప్పేదాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పేశారు. ఇంకో సంగతి కూడా ఆమే పట్టుకున్నారు. తన ఎడమ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికి ఉంటుందట, తన జాకెట్‌కి ఎప్పుడూ ఆ తేడా పెట్టుకునే కుట్టుకుంటారట. టేపు పెట్టి చూస్తే నిజమే. రెండు చనుమొనల ఎత్తు ఎముక గుంట నుంచి మాత్రమే కొలిచి ఊరుకోకుండా, ఆ తేడాను లెక్కలోకి తీసుకుని కుడివైపు గీత కొద్దిగా మార్చాం.

థియేటర్‌లో

ఉదయం రేడియాలజీలో చుక్కల రెండు చివర్లకీ సన్నటి తీగలు పెట్టించాం. చేతికి తగలని జబ్బుకి అవే దారి చూపిస్తాయి. మత్తు ఇచ్చాక, జబ్బు పాకితే ముందుగా చేరే చంకలోని మొదటి గ్రంథులు వెతకడానికి మిథిలీన్ బ్లూ, ఐసీజీ రెండు రంగులూ వాడాం. మిథిలీన్ బ్లూని పలచన చేసి చనుమొన కిందికి లోతుగా ఇవ్వాలి. చర్మంలోకే ఇస్తే అక్కడ చర్మం చచ్చిపోవచ్చు, జరపబోయే చనుమొనకి అది ప్రమాదం. మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వస్తుందని ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే అర్ధరాత్రి వార్డులో పెద్ద కంగారు. రంగెక్కిన నాలుగు గ్రంథులు చంకలో చిన్న కోత నుంచి తీసి పంపాం.

రొమ్ములో చర్మం నుంచి ఛాతీ కండరం పైపొర దాకా ఒకే ముక్కగా తీశాను. బరువు 240 గ్రాములు. ముక్క చేతిలో ఉండగానే దారాలు కట్టాలి: పై అంచుకి పొట్టి దారం, బయటి అంచుకి పొడుగు దారం, అడుగున రెండు ముడులు. ఒకసారి ట్రేలో తిరగబడితే ఏది పైనో, ఏది పక్కో ఎవరికీ తెలియదు. వెంటనే ఎక్స్‌రే తీయించాం. చుక్కలన్నీ ముక్కలోనే ఉన్నాయి, కానీ లోపలి అంచుకి మరీ దగ్గరగా. అక్కడి నుంచి ఇంకో సెంటీమీటరు మందం పొర తీసి విడిగా పంపాను. చుట్టూ మిగతా గోడల నుంచి కూడా పలుచటి పొరలు తీసి వేరువేరు సీసాల్లో వేశాం.

ఆ తర్వాత చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఈ ఆపరేషన్‌లో దానిమీద చాలా ఆధారపడి ఉంది. ఖాళీ అయిన చోటు గోడలకీ అడుగుకీ లోహపు క్లిప్పులు వేశాను. మామూలు ఆపరేషన్‌లో మచ్చ ఉన్న చోటే కణితి ఉండేది, రేడియేషన్ డాక్టర్ దాన్ని చూసి గురి పెట్టగలడు. ఇక్కడ అలా కాదు. కణజాలమంతా జరిగిపోతుంది. పైన మచ్చ ఒకచోట, లోపల కణితి ఉండిన గోడ మరోచోట. క్లిప్పులు లేకపోతే ఆఖరి అయిదు రోజులు ఎక్కువ మోతాదు ఎక్కడ ఇవ్వాలో రేడియేషన్ డాక్టర్‌కి తెలియదు. ఊహించి వెడల్పుగా ఇస్తే మంచి రొమ్ము ఎక్కువ కాలుతుంది, ఇరుగ్గా ఇస్తే గురి తప్పుతుంది. అంచులో జబ్బు మిగిలిందని తర్వాత తేలినా, ఏ గోడకి తిరిగి వెళ్లాలో నాకు చెప్పేవి ఆ క్లిప్పులే.

అక్కడి నుంచి చేతి తొడుగులు, పనిముట్లు అన్నీ మార్చి ప్లాస్టిక్ సర్జన్ అందుకున్నారు. చనుమొన, దాని చుట్టూ నల్లటి వలయం పైన, లోపలివైపు ఉన్న కణజాలపు కాడ మీద నిలబడి ఉంటాయి, రక్తం అటునుంచే వస్తుంది. ఆ కాడను మెల్లగా తిప్పి పైకి చేర్చి, రెండు పక్కల కణజాలాన్ని కింద దగ్గరికి తెచ్చి కుట్టారు. అదే సమయంలో నేను కుడివైపు మొదలుపెట్టాను. కుడివైపు 285 గ్రాములు తీశాం. అంటే ఎడమదాన్ని కావాలనే కాస్త పెద్దగా వదిలాం. రేడియేషన్‌తో అది మెల్లగా కుదించుకుంటుంది. ఈ రోజు సమానంగా చేస్తే రెండేళ్లకి తేడా వస్తుంది. కుడివైపు తీసిందీ పారేయలేదు, పరీక్షకు పంపాం. ఒక్కోసారి అందులోనూ జబ్బు దొరుకుతుంది. ఈమెకు దొరకలేదు.

రిపోర్టు, పుండు, కీమో

కణితి 3.1 సెంటీమీటర్లు, డీసీఐఎస్‌తో కలిపి 5.4. విడిగా తీసిన లోపలి పొరలో డీసీఐఎస్ చిన్న ముక్క ఒకటి కనిపించింది. దాని అవతల అంచుకి నాలుగు మిల్లీమీటర్ల దూరం ఉంది, సరిపోతుంది. ఆ పొర తీయకుండా కుట్టేసి ఉంటే రెండో ఆపరేషన్ తప్పేది కాదు.

నాలుగు గ్రంథుల్లో ఒకదానిలో మూడు మిల్లీమీటర్ల జబ్బు. పాత లెక్క ప్రకారం అయితే చంక మొత్తం ఖాళీ చేయాలి. 2011లో వచ్చిన జెడ్0011 అనే పరిశోధన ఫలితాల తర్వాత, రొమ్ము ఉంచుకుని రేడియేషన్ తీసుకునేవాళ్లలో ఒకటి రెండు గ్రంథుల్లోనే జబ్బు ఉంటే చంక వదిలేయొచ్చని తేలింది. చంక ఖాళీ చేస్తే చెయ్యి వాచే ప్రమాదం పెరుగుతుంది. రోజంతా మిషన్ ముందు కూర్చునే మనిషికి వాచిన చెయ్యి అంటే పని పోయినట్టే. వేర్వేరు విభాగాల డాక్టర్లు కూర్చుని చికిత్స నిర్ణయించే ట్యూమర్ బోర్డులో అందరం కలిసి చంక జోలికి వెళ్లకూడదని నిర్ణయించాం.

పదో రోజున ఎడమ రొమ్ము కింద, నిలువు కుట్టూ అడ్డ కుట్టూ కలిసే చోట, ఒకటిన్నర సెంటీమీటర్ల మేర చర్మం విడిపోయింది. ఈ ఆపరేషన్‌లో తరచుగా విడిపోయే చోటు అదే. మూడు వైపుల చర్మం లాగుడు అక్కడే పడుతుంది, రక్తం అక్కడికి చివరగా వస్తుంది. ఆమెకు షుగర్ కూడా ఉంది. చీము లేదు. రోజు మార్చి రోజు డ్రెసింగ్, షుగర్ అదుపు. ఆమె మాత్రం చాలా టెన్షన్ పడ్డారు, జబ్బు మళ్లీ బయటికి వస్తోందేమోనని. కాదని ఒకసారి చెబితే సరిపోలేదు. డ్రెసింగ్ చేసినప్పుడల్లా కూతురు ఫోన్‌లో ఫొటో తీసి, పాతదాని పక్కన పెట్టి చూపించేది, పుండు చిన్నదవుతోందని. మూడు వారాల్లో మానింది.

ఆంకోప్లాస్టిక్ సర్జరీ మీద న్యాయమైన విమర్శ ఏదైనా ఉంటే ఇదే. పెద్ద ఆపరేషన్, ఎక్కువ కుట్లు, మానడంలో ఆలస్యం. ఆలస్యం వల్ల కీమో వెనక్కి పోతే, ఆకారం కోసం ప్రాణం మీదికి తెచ్చినట్టవుతుంది. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో కీమో మొదలవ్వాలన్నది మా నియమం. ఆమెకు అయిదో వారంలో మొదలైంది.

నెలసరి ఇంకా ఆగలేదు, గ్రంథిలో జబ్బు ఉంది. కాబట్టి కీమో అవసరమే. ఏసీ అనే రెండు మందుల జోడీ నాలుగు సైకిళ్లు, ఆపైన పన్నెండు వారాలు వారం వారం పాక్లిటాక్సెల్ అనే మందు. చివరి వారాల్లో వేళ్ల చివర్లు మొద్దుబారాయి. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని చెప్పారు. మందు మోతాదు తగ్గించారు. కొన్ని నెలలకి చాలావరకు తగ్గింది.

తర్వాత రేడియేషన్. పదిహేను రోజులు, మొత్తం 40 గ్రే, ఆపైన క్లిప్పులు చూపించిన చోటికి అయిదు రోజులు అదనంగా. ఎడమవైపు కాబట్టి గుండెకి దూరంగా ఉండేలా, ఊపిరి నిండా పీల్చి బిగబట్టినప్పుడే మెషిన్ ఆన్ అయ్యే పద్ధతిలో ఇచ్చారు. రోజూ ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేసి మరీ వచ్చేవారు. ఒక్క రోజు కూడా మానలేదు.

ఆ తర్వాత

ఇప్పుడు హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర వాడుతున్నారు. కీమోతో నెలసరి ఆగిపోయింది కదా అని వెంటనే మాత్ర మార్చమని ఎవరో సలహా ఇచ్చారట. ఈ వయసులో కీమోతో ఆగిన నెలసరి మళ్లీ మొదలవ్వొచ్చు. అండాశయాలు నిజంగా ఆగాయని తేలకుండా మందు మార్చకూడదని మెడికల్ ఆంకాలజిస్టు ఆపారు.

రేడియేషన్ అయిన ఏడాదికి ఎడమ రొమ్ము కింది భాగంలో మళ్లీ గట్టిగా ఒక గడ్డ తగిలింది. ఆ రోజు ఆమె ముఖం చూడలేకపోయాను. పరీక్షలో అక్కడ గోలీకాయంత గట్టిదనం ఉంది. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండింటిలోనూ కొవ్వు చచ్చి గట్టిపడినట్టు కనిపించింది. కణజాలాన్ని జరిపినప్పుడు కొంత కొవ్వుకి రక్తం అందక ఇలా అవుతుంది, ఈ ఆపరేషన్ తర్వాత అరుదేం కాదు. అయినా సూదితో ముక్క తీసి చూశాం. చచ్చిన కొవ్వే, జబ్బు లేదు. ఈ సంగతి పేషంట్లకి ముందే చెప్పి ఉంచాలి, రేడియాలజిస్టుకి కూడా ఆపరేషన్ వివరాలు రాసి పంపాలి. లేకపోతే మామూలు మచ్చకే అనవసరంగా బయాప్సీలు జరుగుతూ ఉంటాయి.

రెండు రొమ్ములూ ఇప్పుడు దాదాపు సమానం. ఎడమది కాస్త గట్టిగా ఉంది, మచ్చల రంగు ఇంకా పూర్తిగా పోలేదు. చనుమొన దగ్గర స్పర్శ కుడివైపు తిరిగొచ్చింది, ఎడమవైపు సగమే. చెయ్యి వాపు లేదు. మిషన్ పని పూర్తిగా మొదలుపెట్టారు.

ఈ కేసు చదివి అందరికీ ఇలాగే చేయొచ్చని అనుకోకండి. రొమ్ములో వేర్వేరు మూలల్లో జబ్బు పరుచుకుని ఉంటే, చర్మం అంతా వాచి ఎర్రబడే రకం అయితే, రేడియేషన్ తీసుకునే వీలు లేకపోతే మొత్తం తీయడమే సరైన చికిత్స. మన ఆడవాళ్లలో చిన్న రొమ్ములున్నవాళ్లు చాలామంది. వాళ్లలో తగ్గించడానికి ఏమీ ఉండదు, పోయినదాన్ని బయటి నుంచి నింపాలి. చంక పక్కన, వీపు అంచున ఉండే కొవ్వును దాని రక్తనాళంతో సహా రొమ్ములోకి తిప్పే ఎల్ఐసీఏపీ ఫ్లాప్ అలాంటి వాళ్లకు మంచి దారి. కండరం కోయనక్కర్లేదు, ఎదుటి రొమ్మును ముట్టుకోనక్కర్లేదు. దానికి రక్తనాళాన్ని ముందు రోజు రక్తం పారే చోటును పట్టిచ్చే చిన్న డాప్లర్ పరికరంతో వెతికి గుర్తుపెట్టుకోవాలి, అంతే.

మొత్తం తీయాల్సి వచ్చినవాళ్లకి కూడా, రొమ్ము మళ్లీ కట్టే అవకాశం ఉందని ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. వద్దనుకునే హక్కు వాళ్లది. చాలామంది వద్దంటారు, ఆ నిర్ణయమూ సరైనదే. కానీ ఆ సంగతి తెలియకపోవడం వల్ల వద్దనుకోకూడదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు అని తేలితే, కత్తి పెట్టకముందే సర్జన్‌ని మూడు ప్రశ్నలు అడగండి: రొమ్ము ఉంచడం కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు కుదరదు, తీసేస్తే మళ్లీ ఎప్పుడు, ఎలా కట్టొచ్చు. సర్జన్ తనకి అది రాదని చెబితే తప్పు పట్టకండి, ఎవరికి వచ్చో అడిగి ఒకసారి అక్కడికి వెళ్లి మాట్లాడండి. ఒకటి రెండు వారాలు ఆ మాటలకి పట్టినా ఫర్వాలేదు. భయంతో ఇంట్లో కూర్చుంటేనే నెలలు పోతాయి.

ఆమె ఆరు నెలలకోసారి వస్తున్నారు. తర్వాతి మామోగ్రామ్ ఈ ఏడాది చివర్లో. కిందటిసారి వచ్చినప్పుడు పక్క వీధిలో గడ్డ తగిలి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒకావిడను వెంటబెట్టుకొచ్చారు. ఆవిడకి సూదితో ముక్క తీశాం, రిపోర్టు ఇంకా రావాలి.